దాచుట వేరు, తాళం వేయుట వేరు

నా చిన్ననాట తాడిమర్రిలోని మా ఇంటిలో ఒక ఇనుప ట్రంకుపెట్టె ఉండేది. మా దాదీ దానికి తాళం వేసి, తాళంచెవిని కొంగున ముడివేసుకొనేది. ఆ పెట్టె ఎక్కడో అటక మీద మరుగున లేదు; మంచం క్రింద అందరి కంటికీ కనబడుతూనే ఉండేది. అందులో ఏవో ఉన్నవని మాకు తెలుసు. అవి మాకు సంబంధించినవి కావనీ తెలుసు. అడిగితే "పెద్దల కాగితాలు బేటా, పెద్దవాడివైనాక నీవే చూద్దువు" అనేది. మాకా మాట చాలేది. ఆ పెట్టెను గురించి మేము కలత చెందినట్లు గానీ, దొంగచాటుగా తెరువబోయినట్లు గానీ నాకు జ్ఞాపకం లేదు.

నేడు అనేక గృహాలలో ఆ ట్రంకుపెట్టె స్థానాన్ని కంప్యూటరు ఆక్రమించింది. పట్టాదారు పాసుపుస్తకం నకలు, బంగారు నగల మీద తెచ్చిన అప్పు పత్రం, బీమా కాగితం, ఆసుపత్రి వారి పరీక్షా నివేదిక, అన్నదమ్ముల ఆస్తి తగాదాలో వకీలు వ్రాసిన లేఖ, ఆలుమగల ఛాయాచిత్రాలు, నా వంటి ఉపాధ్యాయుడైతే రాబోవు పరీక్షల ప్రశ్నపత్రం - ఇవన్నీ అందులోనే చేరుతున్నాయి. అయితే ట్రంకుపెట్టెతో పిల్లలకు పని లేదు, కంప్యూటరుతో ఉన్నది. పాఠం వినుటకు, ఆట ఆడుటకు, బొమ్మ గీయుటకు వారికీ అదే కావాలి. మనిషికొక యంత్రాన్ని కొనగల స్తోమత మనలో ఎందరికున్నది? పెద్దల రహస్యాలూ, పిల్లల ఆటపాటలూ ఒకే పెట్టెలో ఉండవలసి వచ్చిన కాలమిది. ఈ పరిస్థితిలో పెద్దలు తమ సొంత కాగితాలను పిల్లల కంటబడకుండా ఉంచుకొనుట న్యాయమేనా? న్యాయమైతే ఏ విధంగా ఉంచుకోవాలి? ఈ ప్రశ్న చిన్నదిగా కనిపించవచ్చు. నాకు మాత్రం అది నా ఇంటిలోనే ఎదురై, చాలా పెద్దదని నేర్పింది.

2020లో కరోనా కారణంగా బడులు మూతబడినప్పుడు, పిల్లల ఆన్‌లైన్ పాఠాల కోసం మేము ఒక పాత కంప్యూటరును కొన్నాము. దానిని ముందుగదిలో ఉంచాము. అందరికీ కలిపి ఒకటే ఖాతా. సంకేతపదం కూడా లేదు. రెండేళ్ల క్రిందట ఇంటి అవసరానికి మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టవలసి వచ్చింది. గడువులో వడ్డీ కట్టలేకపోయినందున నగలు వేలం వేయుదుమని నోటీసు వచ్చింది. దానిని స్కాన్ చేసి కంప్యూటరులో పెట్టుకొన్నాను. వడ్డీ అప్పు అనేది మా ఇంట పలుకుటకే సంకోచించే మాట. పిల్లల చెవిని పడరాదని "పాత సిలబస్" అని పేరు పెట్టిన ఫోల్డరులో దానిని ఉంచి, ఆ ఫోల్డరు కనబడకుండా చేశాను. ఎంతో తెలివైన పని చేశాననుకొన్నాను.

ఆ సంవత్సరం రంజాన్ మాసంలో బట్టలు కొనుటకు ధర్మవరం బయలుదేరుతుండగా, పదకొండేళ్ల మా అమ్మాయి "నాకు నిరుటి బట్టలే బాగున్నాయి, తమ్ముడికి కొనండి" అన్నది. ఎంత వివేకం గల బిడ్డ అని నేను మురిసిపోయాను. చుట్టాల ఎదుట రెండు మూడుసార్లు పొగిడాను కూడా. పొగిడినప్పుడెల్లా అది తల వంచుకొనేది, సిగ్గనుకొన్నాను. పండుగనాటి సాయంత్రం అది వాళ్లమ్మను మెల్లగా అడిగిందట: "నీ గాజులు ఎవరు కొనుక్కున్నారమ్మీ?"

జరిగినది ఇది. ఫోల్డరును నేను కనబడకుండా చేశాను గానీ, పిడిఎఫ్ చదివే ప్రోగ్రాము ఇటీవల తెరచిన పత్రాల పట్టికలో ఆ నోటీసు పేరు నిలిచిపోయింది. తన పాఠం వెదకుకొంటున్న బిడ్డ దానిని చూచింది, నొక్కింది, చదివింది. వేలం అనే మాట దానికి తెలుసు. అయితే ఆ నోటీసు వచ్చిన పది రోజులలోనే నేను వడ్డీ కట్టి గడువు పొడిగించుకొన్నాను. ఆ రసీదు కంప్యూటరులో లేదు. ఇనుప బీరువాలో ఉన్నది. గాజులు పోలేదు. కానీ గాజులు పోయాయని, తండ్రి వద్ద డబ్బు లేదని, ఈ సంగతి ఎవరినీ అడుగరాదని ఒక పసిపిల్ల నలుబది రోజుల పాటు ఒంటరిగా మోసింది. నేను దాచిన సత్యం సగమే దానికి దొరికింది. పూర్తి సత్యం కంటె సగం సత్యమే బరువైనదని నాకు అప్పుడు తెలిసింది.

అప్పటి నుండి ఈ విషయాన్ని గురించి ఆలోచిస్తూనే ఉన్నాను. నా తప్పు దాచుకొనుటలో లేదు. పెద్దల ఆర్థిక బాధలను పసివారికి చూపకపోవుట ధర్మమే. నా తప్పు దాచిన విధానంలో ఉన్నది. మా దాదీ తాళం వేసింది, నేను దాచిపెట్టాను. తాళం వేసిన పెట్టె "ఇందులో ఒకటున్నది, నీవు తెరువరాదు" అని బహిరంగంగా చెబుతుంది. అబద్ధపు పేరు పెట్టి మరుగుపరచిన ఫోల్డరు "ఇక్కడ ఏమీ లేదు" అని బొంకుతుంది. మొదటిది హద్దు, రెండవది వంచన. హద్దును పిల్లలు గౌరవించగలరు. వంచన బయటపడిన నాడు మాత్రం మన మాటనే నమ్మరు.

విచిత్రమేమంటే, కంప్యూటరు చరిత్రలో సంకేతపదం అనేది పుట్టినదే ఈ ఉమ్మడి వాడుక సమస్య వల్ల. 1961లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కోర్బాటో అనే శాస్త్రజ్ఞుడు, ఒకే కంప్యూటరును అనేకులు ఏకకాలంలో వాడుకొనే పద్ధతిని నిర్మించాడు. ఒకరి పత్రాలు మరొకరి కంటబడకుండా ఉండుటకు ప్రతివారికీ ఒక సంకేతపదం ఇచ్చారు. మరుసటి యేడే అక్కడి పరిశోధక విద్యార్థి అలెన్ షెర్, తనకు కేటాయించిన సమయం చాలక, అందరి సంకేతపదాలూ ఉన్న పత్రాన్నే అచ్చు వేయించి తీసుకొన్నాడు. ఈ సంగతిని ఆయన దశాబ్దాల తరువాత గాని ఒప్పుకొనలేదు! తాళం పుట్టిన మరుసటి యేడే దానిని మించిన విద్యార్థి కూడా పుట్టాడన్నమాట. విద్యార్థి లోకానికి ఇది కొత్త కాదు.

ఇక కనబడకుండా చేయుట అనే సదుపాయం సంగతి. యూనిక్స్ అనే వ్యవస్థలో చుక్కతో మొదలయ్యే పేర్లు గల పత్రాలు పట్టికలో కనిపించవు. ఇది భద్రత కోసం ఆలోచించి చేసినది కాదనీ, ఒక ప్రోగ్రాములో తొందరపడి వ్రాసిన అడ్డదారి వల్ల అనుకోకుండా ఏర్పడినదనీ ఆ వ్యవస్థను ఎరిగిన రాబ్ పైక్ 2012లో వ్రాశారు. విండోస్‌లో కూడా దాచిన పత్రాలను చూపుమని ఒక్క గుర్తు పెడితే చాలు, అన్నీ బయటకు వస్తాయి. అది తెర మాత్రమే; తలుపు కాదు. విండోస్ 95, 98ల కాలంలోనైతే సంకేతపదం అడిగే పెట్టెను రద్దు చేసినా యంత్రం లోపలికి రానిచ్చేది. ఇంటిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క ఖాతా అనే పద్ధతి గృహస్థులకు బాగా అందుబాటులోకి వచ్చినది 2001లో విండోస్ ఎక్స్‌పి వచ్చిన తరువాతనే. సదుపాయం వచ్చి ఇరువది యేండ్లు దాటినా మనలో అధికులు దానిని వాడుకొనుట లేదు.

కావున చేయవలసినది ఏమి? మొదటిది, ఇంటిలో ఎందరున్నారో అన్ని ఖాతాలు తెరువవలెను. తల్లికొకటి, తండ్రికొకటి, పిల్లలకు వేరు. యంత్రంపై సర్వాధికారం గల అడ్మినిస్ట్రేటర్ ఖాతా పెద్దలదిగానూ, పిల్లలది సాధారణ ఖాతాగానూ ఉండవలెను. సర్వాధికారం ఉన్న ఖాతా నుండి ఇతరుల పత్రాలను తెరువవచ్చును గనుక ఈ భేదం ముఖ్యమైనది. రెండవది, తండ్రి తన పని ముగించి లేచునప్పుడు విండోస్ మీటను, ఎల్ అక్షరాన్ని కలిపి నొక్కితే తెర మూసుకొంటుంది. తలుపు దగ్గరగా వేసినట్లు దీనిని అలవాటు చేసుకోవలెను. మూడవది, అతి ముఖ్యమైన పత్రాలకు విడిగా సంకేతపదం పెట్టవలెను. వర్డ్, లిబ్రె ఆఫీస్ వంటి వాటిలో ఆ సౌకర్యం ఉన్నది. పెద్ద మొత్తంలో ఉంటే వెరాక్రిప్ట్ వంటి ఉచిత ప్రోగ్రాము ఒక గుప్తపేటికనే తయారుచేసి ఇస్తుంది. నాలుగవది, చెరిపివేసినంత మాత్రాన పత్రం పోలేదని గుర్తుంచుకోవలెను. అది చెత్తబుట్టలో ఉంటుంది. ఐదవది, తండ్రి ఫోనులోని ఫొటోలు అతని గూగుల్ ఖాతా ద్వారా ఇంటి కంప్యూటరు బ్రౌజరులోనూ ప్రత్యక్షం కావచ్చును. ఉమ్మడి ఖాతాలో దానిని తెరచి వదలివేయరాదు.

"నిజాయితీపరునికి దాచవలసినదేమున్నది?" అని కొందరు ప్రశ్నిస్తారు. ఇది తప్పుడు ప్రశ్న. స్నానానికి తలుపు వేసుకొనువాడు నేరం చేయుట లేదు గదా! పవిత్ర ఖురాన్‌లోని నూర్ సూరా 58వ ఆయత్‌లో ఈ విషయమై స్పష్టమైన ఆదేశమున్నది. యుక్తవయస్సు రాని ఇంటి పిల్లలు సైతం మూడు వేళలలో - ఫజర్ నమాజుకు ముందు, మధ్యాహ్నం పై వస్త్రాలు తీసి విశ్రమించు సమయాన, ఇషా నమాజు తరువాత - అనుమతి అడిగి గాని పెద్దల గదిలోనికి రారాదు. పెద్దవారైన తరువాత ఎల్లవేళలా అడుగవలెనని తరువాతి ఆయత్ చెబుతున్నది. ఇందులో నాకు ఎక్కువ నచ్చినది, ఆ నియమం పిల్లలకు తెలియజేసి పెట్టినది అనుట. వేళలు చెప్పి, కారణం చెప్పి, అడుగుట నేర్పమన్నది. పెద్దలను గోడ చాటున దాగుమనలేదు. ఒక కప్పు క్రింద నివసించే వారి మధ్య కూడా మర్యాదకు హద్దులుంటాయనే ఈ భావం ఏ ఒక్క మతస్థుల సొత్తూ కాదు. "ఇంటిగుట్టు లంకకు చేటు" అని మన తెలుగువారు ఊరకే అనలేదు.

చట్టం కూడా ఈ హక్కును గుర్తించింది. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి వేసిన వ్యాజ్యంలో, 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులతో కూడిన సుప్రీంకోర్టు ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణకు ఒక చట్టమే చేసింది. పదునెనిమిది యేండ్లు నిండని వారి సమాచారం సేకరించే సంస్థలు తల్లిదండ్రుల సమ్మతి పొందవలెనని ఆ చట్టం చెబుతుంది. అయితే ఒక వ్యక్తి తన సొంత, గృహ అవసరాలకు వాడుకొనే సమాచారానికి ఆ చట్టం వర్తించదు. అనగా మన ముందుగదిలోని కంప్యూటరు వద్దకు ఏ చట్టమూ వచ్చి కూర్చుండదు. అక్కడి ధర్మాన్ని మనమే నిర్ణయించుకోవలెను.

ఆ ధర్మానికి కొన్ని హద్దులు కూడా ఉన్నవి. పిల్లలకు వేసే తాళం భార్యకు వేయరాదు. ఇంటి అప్పు, ఆస్తి, బీమా ఆమెకు తెలియవలసినవే. 2021లో రెండవ విడత కరోనాలో భర్తను పోగొట్టుకొన్న ఒక ఇల్లాలు, బీమా పత్రం ఎక్కడున్నదో తెలియక ఆయన కంప్యూటరు ముందు కూర్చుండి పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు ఒక్కొక్కటిగా సంకేతపదంగా కొట్టి చూచుట నేను కన్నులారా చూచాను. ఏదీ కుదరలేదు. తాళంచెవితో కూడా మనిషి పోతే, తాళం వారసులకు శత్రువవుతుంది. సంకేతపదాన్ని ఒక కాగితం మీద వ్రాసి, కవరులో పెట్టి అంటించి, భార్యకు తెలిసిన చోట బీరువాలో ఉంచుట కనీస కర్తవ్యం. ఇక, పిల్లల కంటబడితే సిగ్గుపడవలసిన దృశ్యాలను దాచుకొనుటకే తాళం కోరువారికి నేను చెప్పునది ఒక్కటే. పసివారి కన్నులను తాళం కాపాడుతుంది. మీ మనస్సును మీరే కాపాడుకోవలెను.

మరొక ఆక్షేపణ కూడా విన్నాను. పిల్లలకు కష్టసుఖాలు తెలియవలెను గదా, అన్నీ దాచితే వారికి లోకజ్ఞానం ఎలా వస్తుందని. నిజమే. వానలు తప్పి వేరుశనగ ఎండిపోయిన యేడు మన ప్రాంతపు రైతు బిడ్డకు తండ్రి కష్టం తెలియకపోదు. ధర్మవరంలో మగ్గం గుంత ముందుగదిలోనే ఉన్న ఇంటి బిడ్డకు, పని లేక మగ్గం ఆగిపోయిన రోజులు తెలియకపోవు. అయితే తెలియజెప్పుట వేరు, పట్టుబడుట వేరు. తండ్రి ప్రక్కన కూర్చుండబెట్టుకొని "గాజులు తాకట్టులో ఉన్నాయి తల్లీ, విడిపించే ప్రయత్నంలో ఉన్నాను" అంటే, బిడ్డకు కష్టంతో పాటు ధైర్యం కూడా అందుతుంది. నోటీసు అనే కాగితం ధైర్యం చెప్పదు. ఆ పండుగ రాత్రి నేను చేసినది అదే. రసీదు తెచ్చి చూపాను. అది రెండుసార్లు చదివి, "మరి నాకు చెప్పలేదేం అబ్బా?" అన్నది. నా యం.ఏ. పట్టా ఆ ప్రశ్నకు సమాధానం నేర్పలేదు.

ఇప్పుడు మా ఇంటిలో నాలుగు ఖాతాలున్నవి. నా ఖాతాకు తాళం ఉన్నదని పిల్లలకు తెలుసు. అందులో ఏయే రకాల కాగితాలున్నవో కూడా చెప్పాను, చూపలేదు. అమ్మాయి ఖాతాకు అదే ఒక సంకేతపదం పెట్టుకొన్నది. దాని చిన్న వయస్సు దృష్ట్యా అది వాళ్లమ్మకు తెలియవలెనని ఒప్పందం. కానీ ఆమె కూడా అడుగక తెరువరాదు. పెద్దల తలుపు తట్టి రమ్మని పిల్లలకు నేర్పువారు, తామూ పిల్లల తలుపు తట్టుట నేర్చుకోవలెను. లేనిచో అది మర్యాద కాదు, పెత్తనం.

విద్యార్థినీ విద్యార్థులారా! ఇంతవరకు తండ్రుల పక్షాన మాట్లాడాను. ఇప్పుడు మీతో ఒక మాట. మన ఇండ్లలో నిజానికి కంప్యూటరుకు సర్వాధికారి తండ్రి కాదు, మీరే. కొన్ననాడు దానిని నడిపించినది మీరు. ఖాతా తెరచినది మీరు. సంకేతపదం పెట్టినది మీరు. మీ నాయన దరఖాస్తు నింపవలసినా, రసీదు తీయవలసినా మిమ్మల్నే పిలుస్తాడు. తాళం చేసే కమ్మరివాడు ఇంటిలోనే ఉండగా తాళానికి విలువేమున్నది? అతని నీతియే ఆ ఇంటి తాళం. చీర అంచుల నమూనాలు కంప్యూటరులో గీసి జాకార్డుకు ఎక్కించే ఇండ్ల నుండి వచ్చినవారు మీలో ఉన్నారు. ఒక్క నమూనా ముందుగా బయటికి పొక్కితే నెలల శ్రమ వ్యర్థమవుతుందని మీకు నేను చెప్పనక్కరలేదు. మీ నాయనకు ఒక ఖాతా మీరే తెరచి ఇవ్వండి. ఎందుకో వివరించండి.

కళాశాల కమిటీ పెద్దలకు సవినయంగా ఒక మనవి. మన కంప్యూటరు గదిలో కూడా ఉమ్మడి ఇంటి సమస్యే ఉన్నది. ఉపకార వేతనాల దరఖాస్తుల కాలం వచ్చిందంటే ఆధార్ కార్డులు, ఆదాయ ధృవీకరణ పత్రాలు, బ్యాంకు పాసుపుస్తకాల నకళ్లు ఆ యంత్రాల తెర మీద ఎవరివో ఎవరికీ తెలియక పడి ఉంటున్నవి. పేద కుటుంబం ఆదాయం ఎంతో తోటి విద్యార్థులందరికీ తెలియుట ఆ విద్యార్థి ఆత్మగౌరవానికి భంగం. కావున విద్యార్థికొక ఖాతా ఇచ్చుటకు గాని, అది సాధ్యం కానిచో ప్రతి సాయంత్రం తెర మీది పత్రాలను సమూలంగా తొలగించుటకు గాని ఏర్పాటు చేయవలెనని కోరుతున్నాను. ఇందుకు డబ్బు అక్కరలేదు. ఒక మనిషి శ్రద్ధ చాలు.

ట్రంకుపెట్టె కాలం పోయింది. దాదీ కూడా పోయింది. కానీ కొంగున తాళంచెవి కట్టుకొని, పెట్టెను అందరి ఎదుట ఉంచి, అడిగినవారికి నెమ్మదిగా సమాధానం చెప్పిన ఆ పద్ధతి పోనక్కరలేదు. ఈ సెలవులలో మీరు ఇంటికి వెళ్లి మీ నాయనకు ఖాతా తెరచి ఇచ్చినప్పుడు, సంకేతపదం కొట్టమని చెప్పి, ఆయన వ్రేళ్లు మీటల మీద తడుముకొంటున్నంతసేపు ముఖం అటు త్రిప్పుకోండి. ఆ ఒక్క క్షణంలో ఆయనకు మీరు ఇచ్చే గౌరవం ఏ తాళమూ ఇవ్వలేదు.